నల్గొండ అయిందా?

గాడిద వీపు మీంచి
రెండు పసుపు డబ్బాలు దిగుతాయి పొద్దున్నే.
ఓబ్సె వాటిని నీలి బకెట్టులోకి వంచుతుంది.
పటికకి ఎర్ర మూత, సున్నానికి తెల్ల మూత,
కొలతలు తప్పకూడదని మూతలకి దారం కట్టి
గోడ మేకుకి వేలాడదీసింది.
కర్రతో ముందు గబగబా తిప్పుతుంది, పెదవులతో లెక్క.
తర్వాత, నిద్రలోకి జారుతున్న బిడ్డను ఊపినట్టు
మెల్లగా, ఇంకా మెల్లగా.

"నల్గొండ అయిందా?"
గుమ్మంలోంచి అడిగాడు నాలుగేళ్ల కొడుకు.
వాళ్ల ఒరోమో మాటల మధ్యన
అన్నంలో రాయిలా
నా పంటికి తగిలింది ఆ పేరు.

"కాలేదు. ముట్టుకోకు."

ఇథియోపియాలో, జివాయ్ సరస్సుకి ఇవతల,
ఈ యాభై గడపల్లో అది ఊరు కాదు.
ఉతకడం, వండడం, నల్గొండ చేయడం,
నీళ్లకి చేసే ఒక ఇంటిపని, అంతే.
ఎప్పుడో ఏ ఇంజనీరో కాగితం మీద మోసుకొచ్చాడట.
కాగితం ఎలకలు కొట్టేశాయి.
పేరు మిగిలింది.

అంతకు ముందు మడుగు నీళ్లు.
ఓబ్సె అత్త వర్కె ముగ్గురు పసివాళ్లని
ఒక్క వానాకాలంలో మట్టిలో పెట్టింది.
అందుకే బోరు బండి వచ్చిన రోజు ఊరు మేకను కోసింది.
అగ్గికొండలు ఎప్పుడో కక్కిన తెల్లరాయిని తొలుచుకుంటూ
ఎంత లోతుకి పోతే అంత మంచిదన్నారు.
నీళ్లు అద్దంలా వచ్చాయి.
నర్సు మరిగించమంది.
మంచి తల్లులు ఇంకాస్సేపు మరిగించారు.
పురుగు చచ్చింది.
రాయి చావలేదు, చిక్కబడింది.

తెల్లనివన్నీ పాలు, నల్లనివన్నీ నీళ్లనుకునే
అమాయకత్వం మాదీ.
ఇక్కడ నీళ్లు నల్లగా కూడా లేవు.
ఏ తల్లి మాత్రం అనుమానిస్తుంది?

ఈ ఊళ్లో పెళ్లి ఫోటోల్లో ఎవరి నోరూ తెరుచుకోదు.
వర్కె ఇప్పుడు ఆకాశం చూడాలంటే
మంచం మీద వెల్లకిలా పడుకోవాలి,
అదీ ఇద్దరు పట్టి తిప్పితేనే.

నేను పరీక్ష గొట్టాల పెట్టెతో వచ్చాను.
మొదటి రెండు రోజులూ పెదాలు మూసే నవ్వాను,
అలవాటు.
మూడోరోజు తుమ్ము వచ్చింది.
ఓబ్సె చూసేసింది, పై పళ్ల మీది గోధుమ చారలు.
"మీ ఊళ్లోనూ ఇదేనా?"
"ఇదే. మా ఊరి పేరే నువ్వు రోజూ బకెట్లో కలుపుతున్నది."
నమ్మలేదు.
నల్ల కొండ అని విడదీసి చెప్పాను.
పక్కింటి లెన్సాని కేకేసింది, వాళ్ల ఆడబిడ్డనీ.
"ఇదిగో, నల్గొండ నడిచొచ్చింది!"
పగలబడి నవ్వారు ముగ్గురూ.
నోటికి అడ్డం పెట్టుకోవాల్సిన చేతులు
ఆ కాసేపు పని మర్చిపోయాయి.

ఇక్కడితో ఆపితే బాగుండేది.

బాటు పట్నం దుకాణంలో పటిక అయిపోయి తొమ్మిది రోజులు.
ఎర్ర మూత అడుగున తెల్లపొడి, గోటితో గీకేంత.
"రేపు?" అన్నాను.
ఓబ్సె గాడిద మెడ మీది ఈగని తోలింది.
నా ఫారంలో 'ఇతర విషయాలు' అనే గడి
అగ్గిపెట్టె కన్నా చిన్నది.
పటిక, అని రాశాను. కింద గీత గీశాను.
ఇంకో గీత గీశాను.

సాయంత్రానికి బకెట్టు అడుగున
దూదిలాంటి మడ్డి కుదురుకుంది.
కోళ్లు రాని చోట తవ్విన గుంటలో
దాన్ని పారబోయడం ఓబ్సె ఏనాడూ మరవదు.
మీది తేట రెండు చెంబులే ఇవాళ.
మొదటిది అత్తకి పట్టుకెళ్లింది.
"ఈ బొక్కలకెందుకే? వాడికి పొయ్యి,"
అని ముసలామె మంచం పక్కన తడిమి
పసుపు డబ్బా మూత తీయించుకుని
ఆ అద్దంలాంటి నీళ్లే గటగటా తాగింది.

పిల్లవాడు రెండు చేతులా చెంబెత్తాడు.
గడ్డం మీంచి కారుతోంది, తుడుచుకోడు.
వాడి పాలపళ్ల వెనకాల, చిగుళ్ల లోపల,
ఎవరి కంటికీ అందకుండా
అసలు పళ్లు తయారవుతున్నాయి.