తరుగు

తెల్లారి ఐదున్నరకి గుంటూరు మిర్చి యార్డు
ఇంకా తుమ్మడం మొదలెట్టదు.
షెడ్డు తాళం తీసి, కాటా మీద గుడ్డ లాగి,
రెండు అగరొత్తులు వెలిగించి
అంకెల అద్దం చుట్టూ మూడుసార్లు తిప్పుతాను.
పళ్ళెం తాకి కళ్ళకద్దుకుంటాను.
పంతొమ్మిదేళ్ళుగా ఇదే వరస.
నుదుట కుంకం లేకుండా
ఈ కుర్చీలో కూర్చున్న రోజు లేదు.

ఆ తర్వాత అదే చేత్తో
టిక్కీకి కిలోన్నర తరుగు రాస్తాను.
గోనె బరువు కొంత, తేమ కొంత,
ఇంకొంత దేనికో
షావుకారు చెప్పలేదు, నేనడగలేదు.

హమాలీ కోటిలింగం నమ్మడు.
"పేరు మొక్కుకుంది మా నాయనమ్మ,
మోసేది నేను" అంటాడు.
దసరాకి బెజవాడ కొండెక్కుదాం రారా అంటే
చెవి మీంచి బీడీ తీస్తూ
"పైనున్నదేంటి? రాయి" అంటాడు.
కాటా మీద టిక్కీ దించి
నాతో అనేదీ అదే మాట:
"రాయి."

ఓ మాఘమాసంలో సంచి పిగిలి
తేజ కాయలు లారీ కిందికి దొర్లాయి.
వాడు బోర్లా పడి లోపలికి దూరి,
కళ్ళ నీళ్ళు కారుతుంటే
ఒక్కో కాయా ఏరి ఆ సంచిలోనే పోశాడు.
రైతు టీకి వెళ్ళాడు. చూసేవాడు లేడు.
"ఎందుకురా అంత?" అన్నాను.
"కాయ ఆయనది గదా" అన్నాడు,
నేనేదో తెలివితక్కువ ప్రశ్న అడిగినట్టు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదని చెప్పను.
తిన్నాను. పడుకున్నాను.
దేవుడున్నాడా అని నాకెప్పుడూ అనుమానం లేదు.
ఉన్నాడు, గోడ మీద గడియారం ఉన్నట్టు.
చూడకపోయినా తిరుగుతుంటాడు.
నా పుస్తకంలోకి తొంగి చూస్తాడని మాత్రం
ఎన్నడూ తట్టలేదు.

నిరుడు క్రోసూరు నుంచి శేషారత్నమ్మ వచ్చింది,
ఇరవై మూడు టిక్కీలతో.
పెనిమిటి పోయాక యార్డుకి రావడం అదే మొదలు.
ముక్కుకి కొంగు అడ్డం.
"అంకెలు చూసుకోమ్మా" అన్నాడు కోటిలింగం.
ఆమె అంకెలు చూడలేదు.
నా నుదురు చూసింది.
"దేవుడంటే భయమున్న మనిషివి,
నువ్వు రాసిందే లెక్క బాబూ."

కుంకం ఉన్నచోట
తేజ గింజ అంటినట్టు మండింది.

నిండు తూకం రాశాను.
ఒక్క టిక్కీకి.
మిగతా ఇరవై రెండింటికీ వేలు పాత దారినే పోయింది.
ఇది గొప్పగా చెప్పుకునే సంగతి కాదు.
నెలాఖరున షావుకారు ఆ కిలోన్నర జీతంలో కోశాడు.
"లెక్క తప్పావా?" అంది మా ఆవిడ.
"తప్పాను" అన్నాను.
ఏ లెక్కో ఆమె అడగలేదు.

ఇప్పుడు రోజుకి మూడో నాలుగో
నిండుగా రాస్తున్నాను.
ఒక్కోరోజు ఒక్కటీ ఉండదు,
పిల్లాడి ఫీజు గుర్తొచ్చిన రోజు ముఖ్యంగా.
ఉన్నాడు ఉన్నాడని ఇన్నేళ్ళూ అన్నాను,
అనడానికి పైసా ఖర్చవలేదు.
ఇప్పుడే కిలోకింత అని పడుతోంది.

ఇవాళ అగరొత్తులు గుచ్చి సున్నా మీట నొక్కాను.
పళ్ళెం మీద ఏమీ లేదు.
అంకెలు మాత్రం కుదురుగా లేవు.
పది గ్రాములు, ఇరవై, సున్నా, మళ్ళీ పది.
ఫ్యాను గాలి కావచ్చు.
చిలకలూరిపేట రోడ్డు మీద
లారీ ఏదైనా పోయి ఉండొచ్చు.
ఫ్యాను కట్టేశాను.
పెన్ను పట్టుకుని
నిలబడే చూస్తున్నాను.

వెనకనుంచి కోటిలింగం వచ్చి
మొదటి టిక్కీ ధబ్బున దించాడు.
మెడ తుడుచుకుని,
ఒకసారి తుమ్మి,
"రాయి" అన్నాడు.