మనిషికి పది సెకండ్లు

షార్జాల మా క్యాంపు ఉన్న జాగ పేరు సజా.
పేరు చెప్తే ఊర్లోళ్లు నవ్వుతరు,
ఏం తప్పు చేసిన్రురా అని.

ఎనిమిది మంచాలు, నాలుగు కింద నాలుగు మీద.
ఫ్రిజ్ మీద ఫొటోల ఫ్రేము.
ఎవరిదో విల్లాకు రంగులేస్తుంటే
పారేస్తమన్న మేడమ్ దగ్గర
అడుక్కొచ్చిండు ఓదెలు.
అద్దానికి ఓ మూల పర్రె.
వైఫై పైసలు ఎనిమిది పాళ్లు చేసి
ఇంటోళ్ల ఫోన్లన్ని దానికి కలిపినం.

అప్పటిసంది ఎవరి పిల్లకు పల్లూడినా
రూమంతటికి తెలుస్తది.

ఫొటోకు పది సెకండ్లు.
ముత్తన్న పెండ్లాం పొద్దుకు ఇరవై పంపుతది:
కోడిపిల్లలు, గోంగూర మడి, కరెంటు బిల్లు.
"నీ గోంగూర ఒడిస్తే గాని
నా కొడుకు రాడా?" అని హబీబ్ లొల్లి.
గంగారాంకు ఇల్లు తప్ప ఇంకోటి రాదు.
పిల్లర్లు లేసినయ్, స్లాబు పడ్డది,
స్లాబు మీద నీళ్లు నిలవెట్టిన్రు.
దర్వాజ ఎత్తిన నాడు
ఎందుకో అందరం
చెప్పులు బయట ఇడిసి లోపటికొచ్చినం.

నాది రాత్రి డ్యూటీ.
పగటీలి దుప్పటి కప్పుకుంటే
రెప్పల మీద రంగులు మారుతుంటయ్.
నీలమైతే హబీబ్ కొడుకు స్కూల్ డ్రెస్సు,
పచ్చగైతే చెప్పనే అక్కర్లేదు.
మా ఇంటామె ఫొటో దిగదు, సిగ్గు.
వండిన కూర ఫొటో పంపుతది.
గిన్నె అంచున బొటనేలు కనవడ్తది,
గోరు మీద పసుపు.
దానికి మాత్రం లేసి కూసుంట.

పోయిన నెల ఓదెలు క్యాన్సల్ చేసుకొని పోయిండు.
ఫ్రేము సంచిల పెట్టవోతే
"ఇంటికాడ నాకెందుకు?" అన్నడు.
ఆయన బిడ్డ నంబరు తీసేసుడు మాకు రాలే.
వచ్చినా తీసేటోళ్లం కాదు.

నిన్న మాపటీలి
తెరల ఓదెలే ప్రత్యక్షం.
లుంగి మీద, అంగి లేకుంట,
మా దిక్కే చూస్తున్నడు.
పక్కకు బిడ్డ.
ఆమె తల ఆయన చెవుల దాక ఉన్నది.
నాలుగేండ్లు దినాం చూసినం ఆ పిల్లను.
ఏడంగుళాల అద్దంల
ఎత్తు తెల్వదు గదా.
ఓదెలుకు గూడ తెల్వనట్టుంది,
మొఖంల ఇంకా ఆ పరేషాన్ ఉన్నది.

కొత్తగొచ్చిన బిహార్ పిలగాడు
పై మంచం మీదికెల్లి వంగి
ఈనెవరని అడిగిండు.
"నువ్వు పండుకున్న పరుపు ఆయనదే"
అన్నడు హబీబ్.
పిలగాడు మల్ల చూసేసరికి
కోడిపిల్లలొచ్చినయ్.