మందు కొలత

తుపాకి పాతదే. గొట్టం కొత్తది.
మంగపేట కమ్మరి ఓదెలు మూడు నెల్లు తిప్పి తిప్పి ఇచ్చిండు.
"దీనాకలెంతో నాకెర్కలేదు నర్సూ,
తినవెట్టి నువ్వే చూస్కో" అన్నడు.

మక్కలు కోసిన చెలక.
పుట్టమన్ను మీద మోదుగాకు విస్తరి,
తుమ్మముల్లుతో గుచ్చి, నడుమ సున్నంబొట్టు.
నలభై అడుగులు కొలిచిన నేనే.
"నీ అడుగులాయె, ముప్పై అనుకుంట" అని
నవ్విండు మా చిన్నాయన పోదెం లచ్చినర్సు.
ఆయన తుపాకి కింద పెట్టినంకనే ఉరకాలె.
బొక్క ఏడ పడ్డదో కేకేసి చెప్పాలె.
పదేండ్ల దానికి అంతకన్న పెద్ద కొలువేముంటది?

వెదురు కణుపు లోపల నాలుగు బొగ్గుగీతలు.
గీత దాక మందు.
ఇప్పనూనె రాసిన పాతధోతి పేలికల సీసం గుండు,
గజంతో నిమ్మళంగ అడుగుదాక.
పేల్చినంక తడిగుడ్డ. మళ్ల మొదలు.
గీతకు మూడు దెబ్బలు.

మొదటి గీతకు గుండు మన్ను తిన్నది.
"ముసలోని దగ్గు" అన్నడు.
రెండో గీతకు బొక్కకూ బొక్కకూ జానెడు.
మూడో గీతకు నాలుగు వేళ్లు.
నాలుగో గీతకు
చెవులు మూసుకున్నా పండ్లు కదిలినై.
విస్తరి మీద లేదు, పుట్ట మీద లేదు,
ఏడ పడ్డదో టేకుచెట్ల మీది కాకులకే ఎరుక.
భుజం రుద్దుకుంట,
చిన్నమ్మ దిక్కు చూడకుంట అన్నడు:
"మందెక్కువైతె తుపాకైనా మనిషైనా గంతేనే."
చిన్నమ్మ నవ్వలే.

మూడో గీతకు గోరంత తక్కువ పోసిన పొద్దు
మూడు బొక్కలు నా బొటనవేలు కింద దాగినై.
నేను కేకెయ్యలే.
విస్తరి పీకి మొఖానికడ్డం పట్టుకొని
ఆ సందులకెల్లి ఆయన్ని చూసిన.

రెండు దినాలు కణుపు చేతుల తిప్పుకుంట కూసున్నడు.
తెగ్గోసినంక పెంచరాదు గద.
మూడో నాడు కోసిండు.

ఒక్క పందిని కొట్టలే ఆ తుపాకి.
ఎలక్షన్లొచ్చినై, ఠాణల పెట్టి రమ్మన్నరు.
రసీదిచ్చిన్రు. రసీదును ఎలుకలు కొట్టినై.
చేను చుట్టు ఇప్పుడు పాతచీరెలు కడుతున్నం,
పందులు వాటి రంగులకు అలవాటు పడ్డై.

కణుపు నా దగ్గర్నే ఉన్నది,
తాడ్వాయి దవాఖానల, నా బల్ల మీద,
గుండుసూదులు పోసుకున్న.
జరమొచ్చిన పిల్లను సంకనేసుకొని
ఎవరో తల్లి సీసా ఊపుకుంట అడుగుతది,
"మందెంత పొయ్యాలె సిస్టరమ్మా?"

ఆగు తల్లీ.
ముందుగాల పిల్లను కాంటా మీద కూసోవెట్టు.