జొన్నగింజంత రాయి

ప్రధానం ఆదివారం.
ఒంగోలు ట్రంకు రోడ్డులో, ఏసీ కొట్లో
సేల్స్ కుర్రాడు పెద్ద రాయే ముందుకు తోస్తున్నాడు:
"బరువెక్కువన్నా, ఇదే తీసుకో."

పదకొండేళ్లుగా చీమకుర్తిలో పలకలు కోస్తున్నా.
నల్లరాయిలో చుక్కలు రాయివే,
వాటిని నిద్రలేపేది మాత్రం
నీళ్లోడే రంపం.

"ఆ దీపాలార్పు తమ్ముడూ" అన్నా.
ఇన్ని బల్బుల కింద గాజుపెంకూ పెళ్లికూతురే.

ఆర్పలేదు. నేనే గుమ్మం దాకా తెచ్చి
మామూలు పగటి వెలుతురులో వంచి చూశా.
పెద్దదాని నడుమ చేప కంటిలా బూడిద వలయం;
అడుగు పలచన, పడిన వెలుగంతా
చిల్లికుండలో నీళ్లలా కిందికే కారిపోతోంది.
ఇంకొకటి లోతెక్కువ,
బరువంతా కడుపులో దాచుకుని
మొహం నల్లగా పెట్టింది.

మూడోది జొన్నగింజంత.
కాస్త కదిపానో లేదో
తాగిన వెలుగంతా తిప్పి
నా కళ్లలోకే కొట్టింది.

"ఇంత చిన్నదా?" అంది వాళ్ల పిన్ని.

సలోమి ఏమీ అనలేదు కాసేపు.
నా అరచెయ్యి తిప్పి
రంపం తిన్న చూపుడువేలి మొండిని
బొటనవేలితో నిమిరి,
"కోత తెలిసినోడులే పిన్నీ" అంది.