పొద్దుటి బిగువు

పర్లాకిమిడి ఆసుపత్రి ఎముకల వార్డులో
మూలుగులకి మూడు భాషలు.
తొమ్మిదో మంచం ఒడియాలో, నాలుగోది తెలుగులో.
సవర గుంట మినతి రైకా మాత్రం
పళ్ళు బిగించి గోడవైపు తిరుగుతుంది.

పనసచెట్టు మీంచి పడింది.
కుడికాలు, మోకాలి కింది పెద్దెముక.
డోలీలో కొండ దిగడానికి ఒక పూట.
పిండికట్టు వేసి ఇవాళ్టికి పదకొండో రోజు.
డ్యూటీకి రాగానే ముందు దాని కాలివేళ్ళు చూస్తాను:
చల్లబడ్డాయా, నీలమెక్కాయా,
బొటనవేలు కదుపు గుంటా, ఏదీ, మరోసారి.
గోరు నొక్కి వదిలితే
రెండు లెక్కపెట్టేలోగా ఎరుపు తిరిగి రావాలి.
వస్తోంది.

"ఎప్పుడతుక్కుంటాది?" అంది వాళ్ళమ్మ.
నర్సింగు స్కూల్లో బట్టీపట్టిన మాటలు
ఆవిడ ముందు నోటికి రాలేదు.
విరిగినచోట ముందు నెత్తురు పేరుకుంటుంది అన్నాను,
అంబలి చల్లారితే పైన పొర కట్టినట్టు.
ఆ పొరలోంచి మెత్తగా ఒకటి లేస్తుంది,
తొలివానకి వెదురుకొమ్ము లేచినట్టు.
అది ముదిరి బొంగయేదాకా బరువు మోపకూడదు.
ఆవిడ నవ్వింది:
"ముదిరితే కూరకి పనికిరాదు గదా సిస్టరమ్మా!"
నీ కూతురు కూర కాదే తల్లీ అన్నాను.
గోడవైపు తిరిగిన వీపు కూడా
కొంచెం నవ్వినట్టే కదిలింది.

తొమ్మిదో మంచం కృపాసింధు మహారణా.
గేదెకొమ్ముతో కొంగలు చెక్కేవాడు.
నిన్న డాక్టరుగారు మోకాట్లోంచి నీరు తీస్తుంటే
సీసా పట్టుకున్నది నేనే.
ఆరోగ్యమైన కీలు నీరు
తెల్లసొనలా తీగ సాగుతూ దిగుతుంది.
ఇతనిది చుక్క చుక్కగా తెగిపడింది,
మబ్బుపట్టిన గంజి.
సూది తీసినచోట దూది నొక్కి
ఇవాళ నడవొద్దు, వేడిగా ఎర్రబడితే పిలు, జ్వరమొస్తే పిలు
అని రెండు భాషలు కలిపి చెప్పాను.
అతనికి పట్టింది అది కాదు.
"కొమ్ముని కాచితే వంగుతుంది.
నా వేళ్ళని కాచినా వంగవేం?"

జవాబు తర్వాత చెప్తానని
మందుగొట్టం మెడ విరవబోయాను.
విరగలేదు.
గుడ్డ చుట్టి నొక్కాను. విరగలేదు.
రోజుకి నలభై విరిచే చెయ్యి.
ట్రైనీ పిల్ల వచ్చి, ఏమీ అనకుండా,
చిటుక్కుమనిపించి వెళ్ళింది.

కృపాసింధు చూస్తూనే ఉన్నాడు.
యాభయ్యేళ్ళు పనిచేసే చేతుల్నే చూసిన కళ్ళు.
"మీ ఉంగరం గొలుసులోకి ఎప్పుడెక్కింది?"
చెమట పడితే ఒరుస్తోందన్నాను.
అప్పుడతను, రోజూ నేను అతన్నడిగే ప్రశ్న,
నా గొంతుతోనే, నా తెలుగులోనే అడిగాడు:
"పొద్దున్న లేచేక బిగువు ఎంతసేపుంటాది?"

పావుగంటయితే అరుగుదల.
గంట దాటితే
కేస్‌షీట్లో కింద గీత గీసి రాస్తాం.
నా బిగువు
పాలు పొంగి, టీ కాగి, గ్లాసులో పోసి,
రెండరచేతుల మధ్య ఆ గ్లాసు పట్టుకుని,
మా ఆయన సైకిలు చక్రాల చప్పుడు సందు దాటి
చాలాసేపైన తర్వాత కూడా.
గడియారం చూడకుండా ఆరునెలలు నెట్టుకొచ్చాను.

ల్యాబ్ చీటీ నింపడానికి కూర్చున్నాను.
వయసు రాశాను. ఆడ అని రాశాను.
ఏ పరీక్షలో నాకొకరు చెప్పాలా.
పేరుచోట పెన్ను ఆగింది;
ఇరవైరెండేళ్ళుగా ఆ గీత మీద
అందరి పేర్లూ రాశాను.
పూర్తిచేసి, మడిచి, జేబులో పెట్టుకున్నాను.
ఇంకా ఇవ్వలేదు. మధ్యాహ్నం ఇస్తాను.

ఇవాళ ఆరింటికి కృపాసింధుకి
గోరువెచ్చటి నీళ్ళ బేసిన్ తెచ్చాను.
చేతులు ముంచాడు, వేళ్ళు మెల్లగా తెరిచాడు,
తర్వాత ఒక పక్కకి జరిపాడు.
ఒక్క మాటా అనలేదు.
పక్కన ఖాళీ నీరు ఆవిర్లు కక్కుతోంది.

వాచీ తీసి జేబులో వేసుకున్నాను.
నాలుగు చేతులకి ఆ బేసిన్ ఇరుకే.
నీళ్ళు చల్లారేలోగా వెళ్ళి
మినతి కాలివేళ్ళు చూడాలి.