మోరి నుంచి కోరింగ, ఖర్చు లెక్క

తెల్లారగట్ల నాలుగున్నరకి మ్యాజిక్ బండి.
పదకొండు మంది ఆడాళ్ళం, ఒక డ్రైవరు, రెండు పులిహోర డబ్బాలు.
బాయిలరు మరమ్మతని జీడిపప్పు ఫ్యాక్టరీ మూసేరు.
ఎప్పుడూ సెలవడగని వాళ్ళకి
సెలవే వచ్చి గుమ్మంలో కూచుంది.
చిట్టీ డబ్బులు నా దగ్గరుంటాయి కాబట్టి
నోటుపుస్తకమూ నా ఒళ్ళోనే.

బండి కిరాయి: మూడు వేల రెండొందలు.

బోడసకుర్రు వంతెన మీద మంచు.
వైనతేయ కనపడలేదు,
దాని చల్లదనం మాత్రం కిటికీలోంచి వచ్చి
మా మోచేతులు తడిమి వెళ్ళింది.

అమలాపురంలో టీలు: నూటపది.
డ్రైవరు టీ తాగడట. పాలు: ఇరవై.

ఎదుర్లంక వంతెన మీద బండి ఆపించేం,
ఫోటోలకి కాదు, సుభద్రకి వాంతులు.
ఆ వంకన గౌతమిని చూసేం.
ఇసక మోస్తూ ఒక నావ మునిగేంత బరువుగా,
ఎదురుగా ఇంకోటి ఖాళీగా,
ఒకదాన్నొకటి పలకరించకుండా దాటుకున్నాయి.
సుభద్ర మూతి తుడుచుకుని
"ఇంకాసేపుందామే" అంది.

యానాంలో ఆగలేదు.
ఆగుదామని డ్రైవరు రెండుసార్లన్నాడు.

కోరింగ. మడ అడవి.
టికెట్లు: మనిషికి ఇరవై చొప్పున రెండొందల ఇరవై.
నూకరత్నం తన టికెట్టుని అటూ ఇటూ తిప్పి చూసింది.
ఈ అడవి వెనకే దాని పుట్టిన పల్లె.
పదేళ్ళప్పుడు వాళ్ళ నాన్న దోనెలో
ఈ పాయల్లోనే పీతలు పట్టేదట.
పెళ్ళయ్యి మోరి వచ్చి
ఇరవై ఆరేళ్ళుగా జీడిగింజలు కొడుతోంది.
"మా పెరట్లోకి రసీదే" అని
చెంగు మూల కట్టుకుంది.

చెక్కల దారి. కింద బురద.
ఒంటిచెయ్యి ఎత్తిన బుల్లి పీతలు
రమ్మంటున్నాయో పొమ్మంటున్నాయో.
వేళ్ళు నేల చీల్చుకుని పైకొచ్చేయి, వేలూ లక్షలూ.
గాలి పీల్చుకోడానికని బోర్డు మీద రాసేరు.
రోస్టింగు గదిలో పొగ కమ్మితే
మేం కిటికీ చువ్వల్లోంచి ముక్కులు బయటపెడతాం,
అదే గుర్తొచ్చింది నాకు. ఎవరితోనూ అనలేదు.

గార్డు కుర్రాడు బట్టీపట్టినట్టు చెప్తున్నాడు:
నల్లమడ, తెల్లమడ, పొన్న, ఇదిగో తిల్ల,
"దీని పాలు కంట్లో పడితే చూపు పోద్దండి, ముట్టుకోకండి."
మేం పదకొండుమందిమీ ఒక్కసారే నవ్వేం.
చేతులు చూపించేం.
జీడి నూనె తినేసిన వేళ్ళు,
ముద్ర పడటం లేదని ఆధార్ మిషను
నాలుగుసార్లు తిప్పి పంపిన వేళ్ళు.
కుర్రాడు తరవాతి చెట్టు పేరు మర్చిపోయేడు.

పడవ లేదన్నారు. పాటు.
నీరు సముద్రానికెళ్ళింది, మూడైతే గాని రాదు.
బోటు డబ్బులు మిగులు: పదకొండు వందలు.

చూస్తే రత్నం లేదు.
దారి చివర చెప్పులు,
ఎగిరిపోకుండా ఒక చెప్పు కింద టికెట్టు.
మోకాల్లోతు బురదలో తను,
ఒక కన్నంలోకి చెయ్యి భుజందాకా,
మొహం పక్కకి తిప్పి, కళ్ళు మూసుకుని,
లోపల ఎవరో చెప్తున్నది వింటున్నట్టు.

కుర్రాడు విజిల్ నోట్లో పెట్టుకున్నాడు.
ఊదలేదు.
ఊదలేదని ఇక్కడ రాయకూడదేమో, అతని ఉద్యోగం.

పీత వచ్చింది, అరచేతిని మించి,
నాచు పట్టిన రాయి రంగులో.
వెల్లకిలా తిప్పి చూసి
"గుడ్లతో ఉంది" అని
వచ్చిన కన్నంలోకే పంపేసింది.

నీళ్ళ సీసాలు రెండు: నలభై. తాగడానికి కాదు.
బురద పోయింది. జీడి మరక ఉంది.

తిరుగుదారిలో మిగులు డబ్బు మీద గొడవ.
అంతర్వేది వెళ్దామని సుభద్ర,
పంచేసుకుందామని సగంమంది.
రత్నం నిద్రపోయింది.
చెయ్యి కిటికీ మీద, గుప్పిట సగం మూసి,
ఏదో జారకుండా పట్టుకున్నట్టు.

రాజోలు లైట్ల వెలుతురులో లెక్క కూడేను.
సరిపోయింది.
సరిపోకూడదే అనిపించి
మళ్ళీ మొదట్నించి కూడేను.