కాటుక కొమ్ము

రోష్ హయిన్ జనన నమోదు కార్యాలయంలో
మూడో కిటికీ నాది.
పేర్లు ఎక్కించడం నా ఉద్యోగం.
నోవా, తామార్, నోవా, మళ్లీ నోవా.
నా వేళ్లు నిద్రలో కూడా కొట్టేస్తాయి.

మంగళవారం, భోజనాల వేళకు కాస్త ముందు
టైల్స్ పరిచే యిహ్యె వచ్చాడు.
గోళ్లలో సిమెంటు.
చేతిలో కాగితం, దాని మీద ఒకే పేరు, మధ్యలో చిన్న గీత:
కెరెన్-హప్పూఖ్.

పక్క కిటికీ కుర్రాడు తొంగిచూసి నవ్వాడు.
"రజాయి కొమ్మా?"
వాడి తప్పు లేదు.
ఇవాళ్టి మా హీబ్రూలో పూఖ్ అంటే
చలికి కప్పుకునే ఈకల రజాయే.
కెరెన్ అంటే బ్యాంకులో నిధి,
కాకుంటే పొద్దుటి ఎండపొడ.
మాటలూ ఇళ్లు మారుతుంటాయి,
పాత చిరునామా ఎవరు రాసిపెడతారు?

యిహ్యె నవ్వలేదు.
జేబులోంచి మేక కొమ్మొకటి తీసి బల్ల మీద పెట్టాడు.
జానెడు కూడా లేదు. పట్టుకుని పట్టుకుని నున్నబడింది.
మూతిలో గుడ్డపీలిక కుక్కి ఉంది.
"మా అవ్వ రూమియాది. సనా నుంచి వచ్చేటప్పుడు
వెండి గాజులు అమ్మేసింది. ఇది అమ్మలేదు."

కథ నాకూ తెలుసు, బడిలో విన్నదే.
ఎప్పుడో ఒకాయన
మందలు పోగొట్టుకుని, పిల్లలందర్నీ ఒక్క పూటలో పోగొట్టుకుని
బూడిదలో కూర్చున్నాడు.
తర్వాత అన్నీ తిరిగొచ్చాయంటారు.
మళ్లీ కొడుకులు పుట్టారు, వాళ్ల పేర్లు ఎవరూ రాయలేదు.
కూతుళ్లవి రాశారు.
ఒకతె పావురం, ఒకతె దాల్చిన వాసన,
కడగొట్టుది కాటుక కొమ్ము.
అందానికి పెట్టిన పేరని పంతులమ్మ చెప్పింది.
సరే అనుకున్నాను, నలభై ఏళ్లపాటు.

"మొదటిది పదకొండు రోజులే ఉంది,"
అన్నాడు యిహ్యె, కొమ్ముని కాస్త జరుపుతూ.
"ఏడాదిన్నర మా ఓస్నత్ కాటుక ముట్టలేదు.
పెడితే నిలవాలి కదమ్మా కంట్లో.
మొన్న నొప్పులు మొదలవకముందు అడిగింది,
అవ్వ కొమ్ము ఎక్కడ పెట్టావని."

లెక్క సరిపోయిందని
ఆ బూడిదలో మనిషి అనుకుని ఉండడు.
పురిటిగది బయట నిలబడి
ఇక ఏడవనని ఎవరికో మాటివ్వబోయి,
నోరు రాక,
ఆ మాట బిడ్డకి పేరుగా పెట్టేసి ఉంటాడు.

కంప్యూటర్ చిన్న గీతను ఒప్పుకోలేదు.
రెండుసార్లు చెరిపింది.
మూడోసారి గీత చోట ఖాళీ వదిలాను.
"బడిలో ఏడిపిస్తారు," అన్నాను ముద్ర వేస్తూ.
"ఏడిపించనీండి. ఇంట్లో పూఖ్ అనే పిలుస్తాం.
రజాయి అనుకున్నా నష్టం లేదు, జనవరిలో పుట్టింది."

కొమ్ము జేబులో వేసుకుని వెళ్లాడు.
బల్ల మీద బియ్యపు గింజంత నలుపు మిగిలింది.
గుడ్డ తీశాను,
మళ్లీ సొరుగులో పెట్టేశాను.
తర్వాతి నంబరు పిలిచాను.

నోవా.